మా ఇంట్లో ఒక రాజు, ఒక ఖైదీ

మా పిన్ని ఉండే ఊళ్ళో ఎక్కడ నిలబడినా కోట కనిపిస్తుంది. బట్టలారేసే డాబా మీదనుంచి, బస్టాపులోంచి, ఆవిడ పనిచేసిన ఆసుపత్రి లాండ్రీ వెనక కిటికీలోంచి కూడా. పొద్దున్నే మంచు పట్టినప్పుడు కింద కొండ మాయమైపోయి, కోట ఒక్కటే గాలిలో ఆగినట్టుంటుంది. ఎండెక్కేకొద్దీ మెల్లగా దిగివచ్చి తన కొండ మీద తాను కూర్చుంటుంది. ఎక్కడెక్కడి జనమో టికెట్లు కొనుక్కుని చూసిపోయే ఆ కోటలోకి మా పిన్ని మాత్రం పెళ్ళయిన కొత్తల్లో ఒట్టేసుకుని, తల నెరిసేదాకా అడుగు పెట్టలేదు. కారణం చెబితే మీరు నవ్వుతారు. మేమూ చాలా ఏళ్ళు నవ్వుకున్నాం.

కారణం ఏమిటంటే, ఆ కోటలో రాజు మా పిన్ని బావగారు, ఖైదీ మా బాబాయి.

కాస్త వివరంగా చెప్పాలి. ఆ కోటలో మొదట రాజులుండేవారు. వాళ్ళు పోయాక దాన్ని జైలు చేశారు. జైలు వేరే చోటికి వెళ్ళిపోయాక, ఇంత పెద్ద కట్టడాన్ని ఏం చేయాలో తోచక జనానికి చూపించడం మొదలుపెట్టారు. ఖాళీ గదులు చూసి జనం ఆవలిస్తున్నారని, గదిగదికీ మనిషెత్తు బొమ్మలు పెడదామన్నాడు అప్పటి ఆఫీసరు. ఆ పని మా బాబాయికీ వాళ్ళన్నయ్యకీ వచ్చింది. ఇద్దరూ ప్లాస్టరు పనివాళ్ళు. పెద్ద పెద్ద ఇళ్ళల్లో పైకప్పు అంచుల వెంట పువ్వులూ లతలూ తీర్చేవాళ్ళు. లేనిదాన్ని ఊహించి చెక్కడం వాళ్ళకు రాదు. ఉన్నదానికి అచ్చు తీయడం వాళ్ళ విద్య. అందుకని బొమ్మల ఒళ్ళు తీగలతో, గోనెపట్టాతో కట్టి, ముఖాలు మాత్రం బతికున్న మనుషుల మీదే అచ్చు తీశారు.

అచ్చు తీయడం తమాషాగా ఉంటుంది. ముఖానికి నూనె రాసి, కళ్ళు మూయించి, ముక్కుల్లో రెండు గొట్టాలు పెట్టి, తడి ప్లాస్టరు మీద పోస్తారు. అది గట్టిపడే దాకా నవ్వకూడదు, మాట్లాడకూడదు, తుమ్మకూడదు. గట్టిపడేటప్పుడు అది వెచ్చబడుతుంది. ఎవరో రెండు అరచేతులతో ముఖం పట్టుకున్నట్టు ఉంటుందని బాబాయి చెప్పేవాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం మీద ఒకరు అచ్చు తీసుకున్నారు. నౌకర్లుగా, సైనికులుగా వీధిలో దొరికినవాళ్ళను పట్టుకొచ్చారు. వాళ్ళ వీధి పాలవాడు చివరిదాకా ఆయుధాల గదిలో ఈటె పట్టుకుని ఉన్నాడు.

ఇక మా పిన్ని సంగతి. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది, నాలుక దానికంటే ముందుంటుంది. ఎదుటి మనిషి వాక్యం సగంలో ఉండగానే దానికి జవాబు ఆవిడ నోట్లో సిద్ధం. ఒక్కోసారి మనం అనబోయేది కూడా ఆవిడే అనేసి, దానికి ఆవిడే జవాబు చెప్పి, మన తరఫున ఆవిడే ఓడిపోయి, మళ్ళీ మన మీదే విసుక్కుంటుంది. లాండ్రీలో యంత్రాల రొద మధ్య ఆవిడ గొంతు వినిపిస్తే మిగతావాళ్ళు గబగబా మడతలు సరిచూసుకునేవాళ్ళట. బాబాయి దీనికి పూర్తిగా విరుద్ధం. నోట్లో నాలుక లేని మనిషి. ఒక మాట చెప్పాలంటే దాన్ని ముందు తడిపి, నానబెట్టి, కలిపి, అప్పుడుగాని గోడకు వేసేవాడు కాదు. ఇటువంటి ఇద్దరికి పెళ్ళి చేసినవాళ్ళని ఏమనాలో నాకు తెలియదు, కానీ మా అమ్మ కూడా అందులో ఉంది.

ఒకరోజు సాయంత్రం బాబాయి కనుబొమల్లో ప్లాస్టరు పొడితో ఇంటికొచ్చాడు.

"బొమ్మలకి మా ముఖాలే పెడుతున్నాం," అన్నాడు.

"మీరేం బొమ్మ?"

"అన్నయ్య రాజు. నేను… ఖైదీ. అదీ, ఏంటంటే…"

ఏంటో చెప్పనిస్తేగా! పిన్ని తోక తొక్కిన తాచులా లేచింది. "ముందుగది ఆయనది, మెట్లకింద గది మనది. కొత్త సైకిలు ఆయనది, చెయిను ఊడిపోయేది మనది. ఆఖరికి బొమ్మల్లో కూడా ఆయనకి సింహాసనం, మీకు సంకెళ్ళూనా? అడగలేరూ? నోరు పెగలదూ?"

"అది కాదే. నువ్వోసారి కోటకి రావాలి."

"నేనా? గొలుసులేసి కట్టేసిన మొగుణ్ణి చూడ్డానికా? నా కంఠంలో ప్రాణముండగా ఆ గడప తొక్కను!"

బాబాయి ముఖం కడుక్కుని, పెట్టింది తిని, పడుకున్నాడు. అంతే జరిగింది.

పుండు మీద కారం చల్లడానికి తోడికోడలు ఉండనే ఉంది. మావారు రాజు, మావారు రాజు అని ఇల్లంతా ఒకటే సంబరం. పిన్ని ఆవిడకి రాణిగారు అని పేరు పెట్టింది. కోట తలుపులు జనానికి తెరిచిన రోజున రాణిగారు ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వెళ్ళి, సింహాసనం మీద మొగుడు, మొగుడి పక్కన ఇంకెవరో ఆడమనిషి కూర్చుని ఉండటం చూసి, వెళ్ళిన దారినే తిరిగొచ్చేసింది. రాణి ముఖం ఆఫీసరుగారి మరదలిదట. కోటేరు ముక్కు. ఆ సాయంత్రం పిన్ని ఆవిడ గుమ్మంలో నిలబడి, "రాజు మీవారే గానీ అక్కా, రాణి మీరు కాదటగా!" అంది. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆ ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి.

బాబాయి మాత్రం అడగటం మానలేదు. వానలకు కోటలో గోడలు చెమ్మగిల్లి బొమ్మల పెచ్చులూడినప్పుడల్లా ఆయన్నే పిలిచేవాళ్ళు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఈసారన్నా వస్తావా?" అనేవాడు. "గొలుసులు తీసేశారా?" అనేది పిన్ని. "లేదే." "తీశాక చెప్పండి." ఆయన నవ్వుకుంటూ సంచీ భుజానికి తగిలించుకునేవాడు. ఇది మా ఇళ్ళల్లో సామెతలాగా అయిపోయింది. ఎవరికైనా ఇష్టం లేని పని చెబితే, గొలుసులు తీసేశాక చూద్దాంలే అనేవాళ్ళం.

వాళ్ళు ఎప్పుడూ కొట్లాడుకునేవాళ్ళని అనుకోకండి. దుప్పట్లు మడిచేటప్పుడు పిన్ని మాట్లాడేది కాదు. అది ఆవిడ వృత్తి, అక్కడ మాటలకు చోటు లేదు. డాబా మీద ఆరిన దుప్పటికి చెరో చివరా పట్టుకుని, దులిపి, సాగదీసి, ఒకరికెదురుగా ఒకరు నడిచివచ్చి మూలలు కలిపేవాళ్ళు. ఆయన చేతిలోని మూలలు ఆవిడ చేతిలోకి పోయేవి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడు నేను డాబా మెట్ల మీద కూర్చుని అది చూస్తూ ఉండేదాన్ని. తెల్లటి దుప్పటి వెనకాల కోట, దుప్పటి చిన్నదయ్యేకొద్దీ కోట పెద్దదయ్యేది. నాకు అంత హాయిగా ఉండేది ఇంకెక్కడా లేదు.

బాబాయి ఛాతీ నిండా దుమ్మే అన్నారు డాక్టర్లు. పిన్ని పనిచేసే ఆసుపత్రిలోనే, ఆవిడ చేత్తో మడిచిన దుప్పట్ల మీదే పడుకున్నాడు. చివర్లో ఒకసారి ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. "ఆ కోటలో…" అన్నాడట. "ఆయాసపడకండి, తర్వాత చెబుదురుగాని," అంది పిన్ని. ఈ ఒక్కసారి మంచికే అడ్డుపడింది. కానీ ఆ తర్వాత అనేది రాలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు పేపర్లో చిన్న వార్త వచ్చింది. కోటలో పాత బొమ్మలన్నీ తీసేసి, గోడల మీద వెలుగుతో కదిలే బొమ్మలు వేయబోతున్నారట. ఆ ఆదివారమే ఆఖరు. పిన్ని నాకు ఫోన్ చేసింది.

"ఆదివారం నీకు షాపు సెలవేగా?"

నేను మందుల షాపులో పనిచేస్తాను. సెలవే అన్నాను.

"అయితే రా. కోటకి పోవాలి," అని పెట్టేసింది. నేను ఎందుకని అడిగేలోపు.

వెళ్ళేసరికి పిన్ని బావగారు కూడా తయారై గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఆయన్ని నేను పెదనాన్నా అంటాను. ఇప్పుడు చేతికర్ర, ఆయాసం, పెద్ద పెద్ద చెవులు. నా బొమ్మని తీసి పారేస్తుంటే చూడొద్దూ అన్నారు. రాణిగారికి మోకాళ్ళ నొప్పులు. "ఆ కోటేరు ముక్కుదాన్ని ముందు తీసెయ్యమని చెప్పండి," అని లోపల్నుంచే కేకేసింది.

బస్సులో పిన్ని కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు భయమేసింది. కొండ మలుపు తిరుగుతుండగా నా వైపు తిరక్కుండానే అంది.

"ఆయన ముఖం నాకు రావడం లేదే."

"అంటే?"

"కళ్ళు మూసుకుంటే రావడం లేదు. పెళ్ళి ఫొటోలో రెప్ప వేసేశారు. అదే వస్తోంది. మిగతావాటిలో ముఖం నిండా ప్లాస్టరు దుమ్ము. చెయ్యి గుర్తుంది, దగ్గు గుర్తుంది. ముఖం రాదు. ఇక ఆ బొమ్మ కూడా తీసేస్తే నాకు ఇంకేం ఉండదు." ఆవిడ మామూలు గొంతు తెచ్చుకుంది. "పైగా అడగాల్సింది ఉంది. ఎందుకు ఒప్పుకున్నారని. జీవితమంతా కిందే కూర్చున్నారు సరే, బొమ్మల్లో కూడా ఎందుకు కూర్చున్నారని."

బొమ్మని ఎలా అడుగుతావు పిన్నీ అని నేను అనలేదు. ఆవిడ ముఖం చూస్తే అనాలనిపించలేదు. వెనక సీట్లో పెదనాన్న గొంతు సవరించుకున్నారు.

కోట గుమ్మం దగ్గర మా ముగ్గురికీ చెవులకి తగిలించుకునే ఆడియో గైడులు ఇచ్చారు. బొత్తాం నొక్కితే ఒక ఆడగొంతు చెవిలో గుసగుసగా గదుల కథలు చెబుతుంది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. బురుజుల మధ్య వసారాలో నడుస్తుంటే ముందు వెళ్ళేవాళ్ళు కాసేపు కనిపించి కాసేపు కరిగిపోతున్నారు. అందరి చెవుల్లో ఒకే గొంతు, అందరి నోళ్ళూ మూసి ఉన్నాయి. ఇంత మంది మనుషులు ఇంత నిశ్శబ్దంగా నడవటం నేనెక్కడా చూడలేదు. నిద్రలో నడుస్తున్నట్టే ఉంది నాకు.

మా పిన్ని ఒక్కతే ఆ నిద్రలో లేచి మాట్లాడుతోంది. చెవిలో గొంతుకి జవాబులు చెబుతోంది. "అవునా?" "అంతమంది వంటవాళ్ళా? దండగ." ఆ గొంతు నిదానంగా చెబుతుంటే ఓపిక లేక బొత్తాం నొక్కి ముందుకు పోతోంది. దాంతో మేము వంటశాలలో ఉంటే ఆవిడ చెవిలో తోట గురించి చెబుతోంది. తోటలోకి వస్తే ఆవిడ స్నానాల గదిలో ఉంది. "ఇక్కడ పాలరాతి తొట్టి ఉందంటోంది, ఏదీ?" అని గులాబీ మొక్కల మధ్య వెతికింది. ఎదురుగా లేని గదుల్లో, ఎప్పుడో పోయిన మనుషుల మధ్య ఆవిడ తిరుగుతుంటే, ఆవిడ వెనకాల చేతికర్ర టకటకలాడించుకుంటూ పెదనాన్న, ఆయన వెనకాల నేను. ఎండ మెట్ల మీదికి కొంచెంకొంచెంగా దిగుతోంది.

ఆయుధాల గదిలో పాలవాణ్ణి పలకరించి, దర్బారు గదిలోకి వెళ్ళాం.

సింహాసనం మీద రాజు కూర్చుని ఉన్నాడు. మఖమలు కోటు రంగు వెలిసింది. ఒక చెవి మీద పెచ్చు లేచింది. పెదనాన్న వెళ్ళి తాడుకు ఇవతల నిలబడ్డారు. ముప్పయ్యేళ్ళ ఆయన, ముసలి ఆయన, ఎదురెదురుగా. ఆయన చాలాసేపు చూశారు. పక్కనున్న జనం ఒకసారి బొమ్మని, ఒకసారి ఆయన్ని చూసి మోచేతులతో పొడుచుకున్నారు.

"మీసం నాది కాదు," అన్నారు పెదనాన్న ఎవరూ అడక్కుండానే. "జుట్టు నాదే. అప్పట్లో."

"రాజ్యమూ మీదేగా," అంది పిన్ని.

పెదనాన్న అక్కడున్న బల్ల మీద మెల్లగా కూలబడ్డారు. ఆయాసం తగ్గేదాకా కర్రని రెండు చేతులతో పట్టుకుని కూర్చుని, తర్వాత అన్నారు.

"అది చెబుదామనే వచ్చానమ్మా. అసలు ఈ సింహాసనం నాది కాదు. ఆఫీసరుగారు రాజుగా వాడినే పెట్టమన్నారు. వాడి ముఖంలో కళ ఉందన్నారు. ఖైదీ నన్నన్నారు. వాడే మార్చమన్నాడు. నేను వద్దన్నా వినలేదు. ఎందుకంటే…"

"ఏమిటీ!" అంది పిన్ని.

ఆ కేకకి దర్బారంతా చెవుల్లోంచి యంత్రాలు తీసి చూశారు.

"చేతికొచ్చినదాన్ని కాదనుకున్నారా? అడగలేకపోయారనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇస్తే కూడా వద్దన్నారా? వద్దని పోయి గొలుసులేసుకున్నారా? మరి నేనెందుకు ఇన్నేళ్ళు ఆయన తరఫున మీ అందరితో తగువు పడ్డాను? ఎవరి కోసం?"

"ఎందుకంటే, అమ్మాయ్…"

ఆ ఎందుకంటేని వినడానికి పిన్ని అక్కడ లేదు. యంత్రాన్ని చెవుల్లోంచి లాగి మెడలో వేసుకుని, జనాన్ని తోసుకుంటూ, జైలు అని బాణం గుర్తు వేసి ఉన్న తలుపులోంచి వెళ్ళిపోయింది. పెదనాన్న నన్ను చూసి, నువ్వు పో, నేనొస్తా అన్నట్టు చెయ్యూపారు.

కిందికి మెట్లు చుట్లు తిరుగుతూ దిగుతాయి. గోడల్లో సన్నటి కంతల్లోంచి వెలుతురు పడుతోంది. ఒక మెట్టు వెచ్చగా, ఒక మెట్టు చల్లగా. నా చెవిలో గొంతు మాత్రం ఏ తొందరా లేకుండా, ఈ మెట్ల మీద రాణులు పాటలు పాడుకుంటూ దిగేవారనీ, తర్వాత ఇవే మెట్ల మీద ఖైదీలు దిగేవారనీ చెబుతోంది. ఎవరు దిగినా పాదాలు ఒకచోటే పడినట్టున్నాయి, ప్రతి మెట్టూ నడుమ అరిగి ఉంది. పిన్ని అడుగుల చప్పుడు కాసేపు కింద వినిపించి ఆగిపోయింది. పరిగెత్తాను.

ములాఖత్ గది అని రాసి ఉన్న చోట గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

ఖైదీల్ని చూడటానికి వాళ్ళ ఇంటివాళ్ళు వచ్చే గది అది. మధ్యలో ఇనుప జాలీ. జాలీలో, కూర్చున్న మనిషి ముఖం పట్టేంత కిటికీ. అవతల రాతి అరుగు మీద ఖైదీ కూర్చుని ఉన్నాడు. ముతక బట్టలు, కాళ్ళకి గొలుసు, మోకాళ్ళ మీద చేతులు, కాస్త ముందుకు వంగిన తల. కిటికీకి ఇవతల ఒక స్టూలు. దాని మీద ఎవరూ లేరు. సందర్శకులు వరసలో నిలబడి, ఒక్కొక్కరే దాని మీద కూర్చుని ఖైదీతో ఫొటో తీయించుకుంటున్నారు. పక్కన యూనిఫాంలో ఒకమ్మాయి వరస చూసుకుంటోంది.

"ఆయనే," అంది పిన్ని. దర్బారులో అరిచిన గొంతు కాదది. "చూడు, దవడ దగ్గర ఆ నొక్కు. ఎడమ చెంప కొంచెం లోపలికి ఉండేది. నేను మర్చిపోలేదన్నమాట. చూడగానే తెలిసింది." మళ్ళీ ఊపిరి పీల్చుకుని, "అదుగో, అలాగే తల వంచుకుని కూర్చునేవారు. నేను అరిచినప్పుడల్లా అచ్చం అలాగే," అంది. నాకు ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాను. విదిలించలేదు.

స్టూలు మీద కూర్చున్న ఒకాయన జాలీలోకి తొంగి చూస్తూ, "ఇతను నావైపు చూడడేం?" అన్నాడు.

"ఎవరివైపూ చూడడండీ," అంది యూనిఫాం అమ్మాయి. "అందరి గడ్డాల దగ్గరే ఆగిపోతాయి ఆ కళ్ళు. సిగ్గుపడుతున్నాడని చెబుతుంటాం మేము."

ఆయన లేచాడు. ఒక జంట వచ్చి ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చుని నవ్వారు. ఆ తర్వాత ఇంకొకరు. పరాయి మనుషులు వచ్చి తన మొగుడి ఎదురుగా కూర్చుని వెళ్ళిపోతుంటే మా పిన్ని గోడకి ఆనుకుని చూస్తూ ఉంది. ఆ ముఖంలో కోపం ఉన్నా బాగుండేది.

చేతికర్ర చప్పుడు మెట్లమీదనుంచి వచ్చీ వచ్చీ చివరికి గది దాకా వచ్చింది.

"ఎందుకంటే అన్నాను," అన్నారు పెదనాన్న రొప్పుతూ. "వినకుండా దిగొచ్చేశావు. వాడు కూడా నాతో అదే అనేవాడు. మా ఆవిడ ఎందుకంటే దగ్గరే లేచిపోతుంది అన్నయ్యా అని."

పిన్ని తల తిప్పలేదు. కానీ ఈసారి అడ్డు రాలేదు.

"రాజు పక్కన రాణి ముఖం అప్పటికే పోసేశాం. ఎవరో పరాయి ఆవిడ పక్కన కాలమంతా కూర్చోలేనన్నాడు. ఇక్కడ ఖైదీకి ములాఖత్‌కి వచ్చిన భార్య బొమ్మ ఒకటి ఉండాలి. దానికి ముఖం ఇంకా దొరకలేదు. 'దానికైతే మా ఆవిణ్ణి తీసుకొస్తాను, నన్ను కిందకి మార్చు' అన్నాడు. రాజు స్థానం వదులుకుంటావేంట్రా అన్నాను. 'ఆవిడ లేని చోట రాజైతే ఏం చేసుకోను' అన్నాడు. వాడు అంత పొడుగు మాట అనడం నేను విన్నది అప్పుడే." పెదనాన్న గోడ పట్టుకుని ఊపిరి తీసుకున్నారు. "నువ్వు రానన్నావు. ఎవరిదో ఒక ముఖం పెట్టెయ్యమన్నాడు ఆఫీసరు. వీడు స్టూలొక్కటే చేసి పెట్టి, ఆవిడ వస్తుంది ఆగండి అన్నాడు. ఆ ఆఫీసరు మారాడు. తర్వాతి ఆయన, జనం కూర్చుంటున్నారు, బాగుంది, అలాగే ఉంచమన్నాడు."

"ఎప్పుడూ చెప్పలేదే మీరు," అన్నాను నేను. నాకు ఆయన మీద నిజంగా కోపం వచ్చింది.

"వాడు చెబుతాడుగా అనుకున్నాను. వాడు పోయాక ఏ ముఖం పెట్టుకుని చెప్పను? రాజ్యం తిన్నది నేనేగా." ఆయన పిన్ని వైపు చూశారు. "ఇంకోటమ్మా. అచ్చులో కళ్ళు మూసుకునే వస్తాయి. మేమే తర్వాత తెరవాలి. ఆ ఖైదీ కళ్ళు వాడే తెరిచాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. స్టూలు మీద చీపురు కర్ర నిలబెట్టి, దానికి ఒకచోట దారం కట్టి, ఆ దారం వైపు చూసేలా దిద్దాడు. ఎవరెత్తురా అది, ఇంత కిందికా అంటే నవ్వాడు. నువ్వేమో ఇంతే ఉంటావు."

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుని, నా చెయ్యి వదిలి, వెళ్ళి వరస చివర నిలబడింది.

"పెద్దవారు మీరు, ముందుకి రండమ్మా," అంది యూనిఫాం అమ్మాయి.

"వద్దమ్మా. ఆగుతాను," అంది పిన్ని. బస్సు దగ్గర, రేషను దగ్గర, డాక్టరు దగ్గర ఏనాడూ వరసలో ఆగని మనిషి ఆవిడ.

ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు, నవ్వారు, ఫొటోలు తీసుకున్నారు, లేచారు. పై కంతలోంచి ఎండ జాలీ మీద పడి, ఖైదీ మోకాళ్ళ మీద చిన్న చిన్న గళ్ళుగా విరిగింది. పిన్ని వంతు వచ్చింది. స్టూలు మీద కూర్చుని, జుట్టు సరిచేసుకుంది. వెనక నుంచి నాకు ఇద్దరూ కనిపిస్తున్నారు. ఇందాకటిదాకా అందరి గడ్డాల దగ్గరా ఆగిపోయిన ఆ చూపు సూటిగా మా పిన్ని కళ్ళలోకి వెళ్ళింది. ఆయన తల వంచుకుని లేడు. ఆవిణ్ణి చూడటానికి వంగి ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అడగాల్సింది ఉందని అంత దూరం వచ్చిన మనిషి. ఏమడుగుతుందోనని చూస్తున్నాను. ఆవిడ జాలీకి దగ్గరగా జరిగింది.

"చెప్పండి," అంది. "మధ్యలో మాట్లాడను."

అని, పెదాలు బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిజంగానే మాట్లాడలేదు. వరస మా వెనక మెట్లదాకా పెరిగింది. యూనిఫాం అమ్మాయి ఒకసారి గడియారం, ఒకసారి పిన్నిని చూసింది. ఆఖరికి వెనక ఎవరో, "అమ్మా, ఫొటో అయిపోతే లేస్తారా?" అన్నారు.

పెదనాన్న కర్ర అడ్డం పెట్టారు.

"కాస్త ఆగండి బాబూ," అన్నారు. "మా తమ్ముడు నిదానంగా మాట్లాడతాడు."